గంగుబాయి కండ్లు

(బోధన్ బస్టాండు దగ్గర, మేడ మీద, రామ్‌దాస్ సార్ పెయింటింగ్ నేర్పే గది. ఆదివారం ఉదయం. కోటగిరి నుంచి వచ్చిన వినీత తన బొమ్మ మీద కప్పిన గుడ్డ తీసింది.)

"ఎవలు ముట్టిండ్రు సార్ దీన్ని?"

"జర కూసో వినీతా. మంచినీళ్ళు తాగు."

"నీళ్ళొద్దు నాకు. ఎవలు ముట్టిండ్రు అంటున్న. గీ బొమ్మల మా అవ్వ, నన్ను కన్న తల్లి, నిద్రపోతుండె. బీడీల చాట ఒళ్ళె పెట్టుకొని, గోడకు ఒరిగి, నోరు తెరుసుకొని నిద్రపోతుండె. రెండు నెలలు గీసిన. ఇప్పుడు చూస్తె కండ్లు తెరిచింది! నోరు మూసింది!"

"అరిస్తె ఏమొస్తది బిడ్డా..."

"అరుస్త! బరాబర్ అరుస్త. గవి కండ్లా సార్? రెండు గోలీలు పెట్టినట్టున్నయి. రెప్పల్లేవు, నీడల్లేవు. ట్యూబుల నలుపు పిండింది పిండినట్టే పూసిండ్రు. నా చేతుల నల్లరంగు గుంజుకొని కిటికీల కెల్లి ఇసిరేసింది మీరే గాదా? నీడంటె నలుపు గాదు, నీడల గూడ రంగుంటది, చూడు, మల్ల చూడు అని ఏడాది సంది సతాయించింది మీరే గాదా?"

"నేనే. గాదన్ననా?"

"మొదటి మూడు నెలలు రంగే ముట్టనియ్యలే. చెరుకు ముక్క ఒకటి తెచ్చి ముందట పెట్టిండ్రు. వారం దినాలు గదే గీపిచ్చిండ్రు. కనుపు కాడ పెన్సిల్ ఎట్ల ఆగాల్నో తెలిసేసరికి నాకు ఏడుపొచ్చింది. నాతోని చేరిన మా వాడకట్టు సుష్మ మానేసి పోయింది. నేను పోలే. ఎందుకు పోలే? ఒకనాడు బస్సుల వస్తుంటె కాలువ నీళ్ళు కనవడ్డయి. చిన్నప్పటి సంది చూస్తున్న కాలువే. నీళ్ళంటె నీలం అనుకుంటుంటి. గానాడు చూస్తె మట్టి రంగు, అండ్ల జర ఆకుపచ్చ, ఒడ్డు కాడ ఊదా. బస్సంత మనుషులున్నరు, నాకొక్కదానికే కనవడ్డట్టు అనిపిచ్చింది. గప్పుడు నమ్మిన మిమ్మల్ని. ఉన్నది గీయాలె, అందంగ చెయ్యొద్దు అంటిరి. నమ్మిన."

"నమ్మితివి. మంచిగ గీసినవు గూడ."

"మంచిగ గీస్తె ఎందుకు ఖరాబ్ చేసిండ్రు?"

"ఇగ చూడు... నీ బొమ్మ పోయే నిజామాబాద్ ఎగ్జిబిషన్ అంటె పెద్ద పెద్దోళ్ళొస్తరు. మొఖం జర నిండుగ ఉంటె..."

"అబద్ధం."

"ఏందీ?"

"అబద్ధమాడుతున్నరు. చెప్పబుద్ధి గానప్పుడు మీరు కుంచెలు కడుగుతరు. ఇప్పుడు కడిగినయే మల్ల కడుగుతున్నరు."

"సరే, నేనే చేసిన అనుకో."

"అనుకో ఏంది? చేసిండ్రా, చెయ్యలేదా? గీ రూము తాళంచెయ్యి మీ ఒక్కరి కాడనే ఉంటది."

"తాళం నేనే తీసిన. తప్పు నాదే. ఇగ వదిలెయ్యి."

"ఎట్ల వదిలేస్త? ఇరవై ఏండ్లు బీడీలు చుట్టి చుట్టి మా అవ్వ ఎట్లయ్యిందో అండ్ల ఉండె. చూసినోళ్ళకు ఆమె కష్టం తెల్వాలె అనుకున్న. సెలెక్ట్ చేసినోళ్ళు గూడ గదే అన్నరు. ఇప్పుడేమున్నది? ఫోటో దిగనీకి కూసున్నట్టు కండ్లు ఇంతింత చేసి నన్నే చూస్తున్నది. ఎగ్జిబిషన్‌కు బొమ్మలు తీస్కపోయే బండి ఎన్నింటికొస్తదన్నరు?"

"పదింటికి. ఇంకో పావుగంట."

"చాలు. గీ రంగు పచ్చిగనే ఉన్నది, చేతికి అంటుతున్నది. కింద నా రంగు ఎప్పుడో ఎండింది. టర్పెంటైన్ ఏడున్నది?"

"వినీతా, ఆగు."

"గీ సీసలనే గదా? గుడ్డ గూడ ఉన్నది. రెండు నిమిషాలు. గా కండ్లు తుడిచి పడేస్త."

"ఆగుమన్ననా! గుడ్డ కింద పెట్టు. గది పూసింది నా చెయ్యి గాదు."

"మరెవలది?"

"చెప్పొద్దన్నది."

"ఎవలు చెప్పొద్దన్నరు?"

"మీ అవ్వ."

"మా అవ్వనా? మా అవ్వ ఇక్కడికెందుకొస్తది?"

"శుక్రవారం వచ్చింది. బస్టాండుల దారి అడుగుకుంట వచ్చింది. నువ్వు సుష్మకు పంపిన బొమ్మ ఫోటో ఆ పిల్ల సెల్లుల వాడకట్టంత చూపెట్టిందట. ఆడోళ్ళు నవ్విండ్రట, గంగుబాయి గురక మా ఇంటి దాక వినవస్తున్నది అని. నాకు చూపెట్టు సారూ అన్నది. చూపెట్టిన. దగ్గరికొచ్చి చూసింది."

"ఏమన్నది?"

"తిట్టింది నన్ను. 'నిద్రల మనిషికి సోయుంటదా సారూ? కొంగు ఏడ జారిందో, నోరెట్ల తెరిచిందో ఎరుకుంటదా? కన్నబిడ్డ పక్కన కూసొని కొంగు సదరాలె గని, గీసుకుంట కూసుంటదా? గిదా మీరు నేర్పే సదువు?' అన్నది. చూడు, చూడు అని నీకు ఏడాది సంది చెప్తున్న. ఎవలను అడిగి చూడాల్నో ఒక్కనాడు చెప్పలే."

"అయితే? గంత మాత్రానికే కండ్లు పూయనిస్తరా?"

"గది వినీత బొమ్మ, నేను ముట్టను అన్న. 'బొమ్మ దానిదైతది, మొఖం నాది గాదా' అని నా చేతులకెల్లి కుంచె గుంజుకున్నది. పట్టుడు రాదు. గంటసేపు పూసింది. నేను ఆపలే."

"ఆపాలె సార్ మీరు."

"ఆపాల్నా?"

"నాకు తెల్వది! ఆమె నాకెందుకు చెప్పలే? రెండొద్దులు బువ్వ పెట్టింది, ఒక్క మాట అనలే. నా మీద అరవాలె గదా! నా బొమ్మ ఎట్ల ముడుతది? నేను... నవ్వనీకి గీయలే సార్. అలిసిందని గీసిన."

"బండొచ్చింది, హారన్ కొడుతున్నడు. తుడిచి పంపుతవా, గిట్లనే పంపుతవా?"

"పొమ్మనుండ్రి. ఏదీ పంపను."

"ఏడాది కష్టం, వినీతా."

"పొమ్మనుండ్రి అంటున్న గదా!"

"పొమ్మంట. మీ అవ్వ గూడ పోయేటప్పుడు మెట్ల కాడ ఆగి ఇంకో మాట అన్నది."

"ఇంకేం తిట్టింది?"

"'గీయొద్దని అంటలేను సారూ. ఈపారి నేను సూస్తుండంగ గీయమను. నేను గూడ నా బిడ్డను సూస్త' అన్నది."