నవలకి అద్దె

సాలూరులో లారీలు ఆగే చోట ఆమె టీకొట్టు. డ్రైవర్లకి నవలలు ఊరికే ఇస్తుంది. తిరిగిచ్చేటప్పుడు ఎలా ఉందో నిజం చెప్పాలి, అదే అద్దె. అబద్ధమాడితే మరో పుస్తకం ఇవ్వదు. ఆ పొద్దున ఒక డ్రైవరు మూడు నవలలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"దెయ్యం నవల ఎలాగున్నాదిరా తమ్ముడూ?"

"దెయ్యం మంచిదే అక్కా. మనుషులకే బుద్ది నేదు. ఆ తలుపు తియ్యొద్దంటే పదిసార్లు తీస్తారేటి?"

"మరి హత్య నవలో?"

"హంతకుడు లోడు లారీతో మన ఘాటీ ఇరవై నిమిషాల్లో దిగిపోనాడంట! ఆడు పోలీసులకి దొరకడమేటి, లోయలో దొరకాల."

ఆమె పకపకా నవ్వింది.

"ఈ ప్రేమ నవల?"

"అదా? సగమే సదివాను. పెళ్ళాం అలిగి పుట్టింటికెళ్ళిపోతే ఆ మొగుడు ఫోనైనా సెయ్యడు."

ఆమె పుస్తకం తిరగేసింది.

"సగమే సదివితే ఆఖరి పేజీ తడిసిందేటిరా?"

"టీ ఒలికింది."

"ఇరవయ్యేళ్ళుగా టీ అమ్ముతన్నాను. మరక పడని టీ ఎక్కడా సూడలేదు."

అతను తన లారీ వైపు చూపు తిప్పుకున్నాడు.

"ఆఖరి పేజీ తరవాతైనా ఆడు ఫోన్ సేసుంటాడంటావా అక్కా?"

"ఆడి సంగతి నాకు తెల్దు. ముందు నువ్వు సెయ్యి. సేస్తేనే ఇంకో నవల."