మార్పిడికి తెచ్చిన మగకుక్క

హంగరీలో కార్త్సగ్ ఊరి బయట, ఒళ్ళంతా జడలు కట్టే కొమొందోర్ జాతి కాపలా కుక్కల్ని పెంచే పిరోష్కా ఇంటి వాకిలి. నాలుగేళ్ళ కిందట ఆమె దగ్గర కొన్న మగకుక్క బోయ్‌తార్‌ని వెనక సీట్లో పెట్టుకుని, రొమేనియా నుంచి సరిహద్దు దాటి వచ్చాడు లోరాండ్.

"దించకు. ముందు సంగతి చెప్పు, తర్వాత దించుదువుగాని."

"పొద్దున్నించీ కూర్చునే ఉన్నాడు పిన్నీ. కాళ్ళు పట్టేసి ఉంటాయి పాపం."

"అద్దాలు దించి ఉంచు. నీడలోనే ఉందిగా బండి. ఫోన్లో ఏమన్నావు? మార్పిడి అన్నావు. ఏం మార్పిడి లోరాండ్? నేనేమన్నా చెప్పుల కొట్టు పెట్టానా, కరుస్తున్నాయని తెచ్చి ఇవ్వడానికి?"

"మీరన్న మాటే పిన్నీ. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే అన్నారు. వీడు పనికిరాకపోతే తీసుకురా, నా దొడ్లో ఉన్న మగవాటిలో నీకు నచ్చినదాన్ని పట్టుకెళ్ళు అని."

"అన్నాను. అన్నమాట మింగేదాన్ని కాదు. కానీ పూర్తిగా చెప్పు. వాడి వల్ల ఒక్క ఆడదానికీ కడుపు రాకపోతే, అన్నాను."

"అదే మరి. రాలేదు."

"ఒక్కదానికి కూడానా?"

"ఒక్కదానికి కూడా."

"రోజు సరిగ్గా చూసుకున్నావా? ఆడది ఎప్పుడు సిద్ధంగా ఉందో చూడాలి గానీ మన తీరిక చూసుకుంటే ఎలా? కొందరుంటారు, ఆదివారం సెలవు కదాని ఆదివారమే జత కట్టిస్తారు. తర్వాత కుక్క మంచిది కాదని నా మీద పడతారు."

"రక్తపరీక్ష చేయించి మరీ కట్టించాను పిన్నీ. ఒకదాంతో కాదు, రెండిటితో."

"కొత్తచోట బిగుసుకుపోయి ఉంటాడు. ఈ మైదానంలో పుట్టినవాడు. మీ కొండలూ, మీ చలీ..."

"బిగుసుకుపోవడమా! ఆడది కనిపిస్తే గేటు పీకి భుజాన వేసుకొస్తాడు. ఉత్సాహానికేం లోటు లేదు. సరుకే లేదు."

"నీ నోరు పాడుగాను! సరుకు లేదని నీకెవరు చెప్పారు?"

"డాక్టరే చెప్పాడు. కొలోజ్వార్‌లో పశువుల పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాను. తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. నన్నూ చూడమన్నారు. ఖాళీ పిన్నీ. ఒక్కటంటే ఒక్కటి కదల్లేదు."

"ఈమధ్య జ్వరమేదన్నా వచ్చిందేమో. ఎండదెబ్బ తగిలినా కొన్నాళ్ళు అలాగే ఉంటుంది. తర్వాత మామూలైపోతుంది."

"పుట్టుకతోనే అన్నారు. లోపల దారే ఏర్పడలేదట. నిన్నామొన్న వచ్చింది కాదు. వీడికి ఎప్పుడూ లేదు, ఇక ఉండదు."

"పుట్టుకతోనే అన్నారా?"

"పుట్టుకతోనే. మీది తప్పని అనట్లేదు పిన్నీ. పది నెలల పిల్లవాణ్ణి చూసి ఎవరు మాత్రం ఏం చెప్పగలరు!"

"కాఫీ చల్లారిపోతోంది, తాగు. ఆ రొట్టె ముక్క తీసుకో."

"దార్లో తిన్నాను."

"తీసుకోమంటుంటే. అయితే ఈ నాలుగేళ్ళలో బోయ్‌తార్‌కి పిల్లలే లేరంటావు."

"లేరు."

"బాగా ఆలోచించుకుని చెప్పు."

"ఇందులో ఆలోచించడానికేముంది పిన్నీ? ఉంటే ఉన్నారంటాను, లేకపోతే లేరంటాను. నా పిల్లల మీద ఒట్టెయ్యమంటారా?"

"వద్దు. వాళ్ళనెందుకు మధ్యలోకి లాగుతావు? సరే. ఏది కావాలి నీకు?"

"అదిగో, బావి పక్కన పడుకున్నాడే, ఆ కుర్రవాడు. వచ్చినప్పట్నించీ నా కళ్ళు వాడి మీదే ఉన్నాయి. ఆ తల చూడండి, ఆ ఛాతీ చూడండి! నేను గేటు తోసినప్పుడు మొరగను కూడా మొరగలేదు. లేచి నిలబడి నా వంక చూశాడంతే. ఓ అడుగు వెనక్కేశాననుకోండి. కుక్కంటే అదీ!"

"వాడు తప్ప."

"అన్నమాట మింగనన్నారు."

"వాడు తప్ప ఏదైనా పట్టుకుపో. తెల్ల తలుపు వెనక ఉన్నవాడు ఛాంపియన్ కొడుకు. వాణ్ణి తీసుకో."

"వాడికి తుంటి కీలు జారింది. మీకూ తెలుసు, నాకూ తెలుసు. నాకు నచ్చినదాన్ని అన్నారు పిన్నీ, మీకు అక్కర్లేనిదాన్ని అన్లేదు."

"అబ్బో, మాటలు బాగానే నేర్చావు. వాణ్ణి ఎందుకివ్వనో తెలుసా? మా నాన్న యాభై ఏళ్ళు కంటికి రెప్పలా కాచుకున్న వరస అది. రెండేళ్ళ కిందట రోగం తగిలి దొడ్లో ఉన్న ముసలివన్నీ పోయాయి. ఆ రక్తంలో ఇక్కడ మిగిలినవాడు వాడొక్కడే."

"అన్నీ పోతే వాడెక్కణ్ణించి వచ్చాడు?"

"కొన్నాను. వెతికి వెతికి కొన్నాను. నేనని తెలిస్తే ధర పెంచుతారని మా మేనకోడల్ని పంపాను. ఎర్ర కోటు వేసుకుంటుంది, అయినదానికీ కానిదానికీ నవ్వుతుంది. గుర్తొచ్చిందా?"

"ఎవరికి గుర్తు రావాలి?"

"నీకే. నీ ఇంటికే వచ్చింది, నీ చేతుల మీదుగానే తీసుకుంది. బోయ్‌తార్ కొడుకని వంశం కాగితాలతో సహా ఇచ్చావు. ఏడాదిన్నరయింది. ఏం, రొట్టె పక్కన పెట్టేశావేం? కాఫీ తాగు."

"పిన్నీ, అది..."

"ఇందాకట్నించీ అందుకే అడుగుతున్నాను. ఒక్కటి కూడా లేదా, లేదా అని. ఎక్కడో ఒకచోట సిగ్గుపడతావేమోనని చూశాను. బంగారంలాంటి కుక్కనిస్తే, వాడి పేర పిల్లల్ని అమ్ముకుని, వాడు కాస్త పెద్దవాడు కాగానే గొడ్డని ముద్ర వేసి నా నెత్తిన పడేద్దామని వచ్చావా? దాని బదులు కొత్తదాన్ని పట్టుకుపోదామనా? వాడు నోరెత్తి చెప్పలేడు కదా, నేను అలాంటివాణ్ణి కాదని!"

"అవును."

"ఏమిటి అవును?"

"అవును పిన్నీ. అబద్ధం చెప్పాను. ఆస్పత్రి లేదు, పరీక్షా లేదు. వీడు నిక్షేపంగా ఉన్నాడు. కొత్తదాని మీద ఆశపడ్డాను, అంతే. తిట్టండి. చెప్పుచ్చుకు కొట్టండి."

"ఇంత తొందరగా ఒప్పుకున్నావేమిటి?"

"మీ ముందు ఎంతసేపని నిలబడుతుంది అబద్ధం!"

"నీ దుంప తెగ! నా గుండె ఆగినంత పనైంది తెలుసా? పుట్టుకతోనే అన్నావు చూడు, కళ్ళు బైర్లు కమ్మాయి నాకు. ఆడవన్నీ కడుపుతో ఉన్నాయిరా నా దొడ్లో."

"అన్నీనా?"

"అన్నీ. అన్నీ ఆ కుర్రవాడి వల్లే. ఒక్కదాన్ని కూడా పక్కన ఉంచుకోలేదు. ఇటలీ నుంచి, ఫిన్లాండు నుంచి జనం ఫోన్లు చేస్తున్నారు. ఫలానావారి వరస మళ్ళీ వచ్చిందటగా, మాకొక పిల్ల ఉంచండని. మా నాన్న పేరు పెట్టి అడుగుతుంటే ఎంత సంతోషంగా ఉందనుకున్నావు!"

"సంతోషమే మరి. నేను వెళ్ళొస్తా పిన్నీ. పొద్దుపోతే సరిహద్దు దగ్గర లారీలు బారులు తీరతాయి."

"కూర్చో. తిట్టి పంపిస్తాననుకున్నావా? చేసిన వెధవపని ఒప్పుకున్నావు, అయిపోయింది. అయినా దేవుడే పంపినట్టు సమయానికి వచ్చావు. డాక్టరుగారు వస్తున్నారు, కుర్రవాడి రక్తం తీయడానికి."

"రక్తమెందుకు?"

"కుక్కల క్లబ్బువాళ్ళు కొత్తగా పెట్టారు. తండ్రిదీ కొడుకుదీ రక్తం కలిసిందని తేలితేనే పుట్టబోయే పిల్లలకి కాగితాలిస్తారట. బోయ్‌తార్‌ని ఎలా రప్పించాలా అని నేనే తల పట్టుకుంటున్నాను. నువ్వే తెచ్చావు. ఇద్దరికీ ఒకేసారి అయిపోతుంది. దించు, వాణ్ణి దించు ఇప్పుడు."

"ఇవాళ వద్దు పిన్నీ."

"ఎందుకొద్దు? ఇందాక నువ్వే కదా, కాళ్ళు పట్టేశాయి పాపం అన్నావు!"

"పొద్దున కడుపునిండా తిన్నాడు."

"రక్తానికీ తిండికీ ఏం సంబంధం?"

"సూది కనిపిస్తే కరుస్తాడు."

"నా చేతుల్లో కరుస్తాడా? సీసాతో పాలు పట్టి పెంచాను వాణ్ణి."

"మళ్ళీ వారం తీసుకొస్తా. నేనే తీసుకొస్తా, మీరు రానక్కర్లేదు. ఇవాళ మాత్రం..."

"లోరాండ్."

"మా ఆవిడ కూడా ఎదురుచూస్తుంటుంది..."

"లోరాండ్, ఇటు చూడు. బండి తాళాలు బల్ల మీద పెట్టు. ఇందాక రెండు మాటలు చెప్పావు. వీడికి సరుకు లేదన్నావు, తర్వాత నిక్షేపంగా ఉన్నాడన్నావు. రెండిట్లో ఏది అబద్ధం?"

"రెండోది."

"అంటే, ఆస్పత్రి..."

"నిజమే. మైక్రోస్కోపులో నేనూ చూశాను. ఏమీ లేదు పిన్నీ."

"మరి ఆ పిల్లలు? మా కుర్రవాడు?"

"మా ఇంటి పైన కొండవాలులో గొర్రెల దొడ్డి ఉంది. అక్కడ కాపలాకి ఒక కొమొందోర్ ఉండేవాడు. కాగితాలు లేవు. తల్లెవరో తండ్రెవరో కాపరికే తెలీదు."

"ఎందుకు చేశావురా?"

"హంగరీ నుంచి కుక్కని తెచ్చానని ఊరూరా చెప్పుకున్నాను. పిల్లలు పుట్టకముందే మాకొకటి ఇవ్వాలని జనం నా దగ్గర మాట తీసుకున్నారు. చూస్తే రెండు ఆడవీ ఖాళీ. కలిసిన ప్రతివాడూ, ఏమయ్యా ఎప్పుడు ఈనుతుంది అని అడుగుతుంటే తలెత్తుకోలేకపోయాను. ఈ ఒక్కసారికీ అనుకున్నాను. బోయ్‌తార్ ఇంకా కుర్రవాడు, వచ్చేసారి వీడే చేస్తాడులే అనుకున్నాను."

"వచ్చేసారి?"

"వచ్చేసారీ ఆ కొండవాడే. మొన్న చలికాలంలో వాణ్ణి ఎలుగుబంటి చంపేసింది. దాంతో..."

"దాంతో నేను గుర్తొచ్చాను."

"మీరు మా వైపు క్లబ్బు సంగతులు చూడరనుకున్నాను. ఆ కుక్కపిల్ల ఇక్కడికొచ్చిందని నాకెలా తెలుస్తుంది పిన్నీ?"

"అయితే ఆ తల..."

"కొండవాడిదే. లేచి నిలబడ్డ తీరు కూడా వాడిదే. గేటు దగ్గర అడుగు ఎందుకు వెనక్కేశానో ఇప్పుడు తెలుస్తోంది."

"వాడి నడక చూసి ఏడ్చాను లోరాండ్. మా నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడోనని, అదిగో ఆ బావి దగ్గర కూర్చుని ఏడ్చాను. నాన్న రక్తం మళ్ళీ మన గడపలోకి వచ్చిందని ఊరందరికీ విందు పెట్టాను. ఎవడి రక్తమో, ఏమో!"

"పిన్నీ, డాక్టరుగారు వచ్చేలోపు ఒక్కమాట వినండి. ఈ సంగతి మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. కుర్రవాడి రక్తం ఒక్కటే ఇవ్వండి. తండ్రి చచ్చిపోయాడని చెప్పండి. చచ్చిన కుక్క రక్తం ఎవరడుగుతారు? నేనూ మా క్లబ్బులో అలాగే చెబుతాను."

"చచ్చిపోయాడనా?"

"అంతే. ఇక తేల్చడానికి ఏమీ ఉండదు. మీ పిల్లలకి కాగితాలొస్తాయి, నా పరువు నిలుస్తుంది."

"మరి బోయ్‌తార్‌ని ఎక్కడ ఉంచుతావు?"

"ఎక్కడో ఒకచోట."

"కొమొందోర్‌నా? దూడంత కుక్కని, మొరిగితే పక్కూరికి వినపడేవాణ్ణి? మంచం కింద పెడతావా?"

"చూస్తాను పిన్నీ."

"ఏం చూస్తావు? నా మొహంలోకి చూసి చెప్పు. ఆ కుక్క మీ ఇంటిదాకా వస్తుందా?"

"అలా అడక్కండి."

"అడుగుతాను. వస్తుందా, దార్లోనే అయిపోతుందా?"

"నాకు మాత్రం సరదానా! నాలుగేళ్ళు నా మంచం పక్కనే పడుకున్నాడు. మా చిన్నది వాడి జడలు పట్టుకుని నడక నేర్చుకుంది. ఇంకో దారుంటే మీరు చెప్పండి. చెప్పండి పిన్నీ!"

"మీ చిన్నదానికి తెలుసా, వాణ్ణెందుకు తీసుకొచ్చావో?"

"షికారుకని చెప్పాను. అదిగో, బండి ఆగింది. డాక్టరేనా?"

"ఆయనే."

"నిజం బయటికొస్తే ఇద్దరం మునుగుతాం. క్లబ్బులో నన్ను తీసేస్తారు, మిమ్మల్నీ తీసేస్తారు. మీకు తెలీదంటే ఎవరు నమ్ముతారు? మీ ఆడవాటికి పుట్టేవి కాగితాల్లేని కుక్కలౌతాయి. ఇటలీవాళ్ళకేం చెబుతారు? మీ నాన్నగారి పేరు ఏమవుతుంది? కనీసం ఆయన కోసమైనా..."

"మా నాన్న పేరు నీ నోటితో అనకు. నువ్వు ఇక్కడే కూర్చో. గేటు నేను తీస్తాను."

"ఏం చెబుతారు?"

"ఏం చెప్పమన్నావు?"

"పోయాడని."

"సరే, విన్నాను. చెయ్యి వదులు... రండి డాక్టరుగారూ, రండి. ముందు ఆ బండిలో ఉన్నవాడి రక్తం తీయండి."