రంగు పట్టని ముక్క

హలో… ఆ, నేనే బావా. నువ్వేం మాట్లాడకు. గ్లాసు మీద చెంచాతో కొట్టు, ఎప్పట్లాగే. ఒకటంటే అవును, రెండంటే కాదు.

…

ఆ, వినబడింది. అక్క ఇంట్లో లేదా?

…

ఒకటి. అంటే… అవును, లేదనా? అవును, ఉందనా? నేనడగడమే తిన్నగా లేదు. మళ్లీ అడుగుతా. అక్క ఉందా?

…

రెండు. మందుల షాపుకెళ్లి ఉంటుంది. మంచిదే. తను లేనప్పుడే చేద్దామనుకున్నా.

ల్యాబు నుంచే మాట్లాడుతున్నా. మెట్ల కింద, ఖాళీ సీసాలు పడేసే గదిలో. లోపలైతే అందరూ చెవులు రిక్కిస్తారు.

బావా… పొద్దున మీ డాక్టరు దగ్గరుండే నర్సు మా దగ్గరికొచ్చింది. ఆపరేషన్ వద్దన్నావట. నిజమేనా?

…

ఒకటి. కాగితం మీద రాసి కూడా ఇచ్చావట. నాకు చూపించింది. ‘మా బావమరిది ల్యాబులోనే చేస్తాడు. రిపోర్టు నెగెటివ్ అని వాడే చెప్పాడు. జబ్బు పోయాక కోత దేనికి’ అని. నీ రాతే. కోడి కెలికినట్టు.

…

ఆ గురగుర నవ్వే అని నాకు తెలుసు. నవ్వకు బావా. ఇవాళ నవ్వకు.

నెగెటివ్ అంటే… జబ్బు లేదని కాదు.

…

బావా? ఉన్నావా? ఒకటి కొట్టు.

…

ఆ. విను. ముప్పై అయిదుసార్లు రేడియేషన్ కరెంటు పెట్టినా నాలుక మొదట్లో గడ్డ ఎందుకు కరగలేదని, డాక్టరు నీ గడ్డలోంచి అప్పట్లో తీసిన ముక్కనే మళ్లీ మాకు పంపాడు. దాన్ని పల్చగా కోసి గాజుపలక మీద పెట్టి ఒక మందు పోస్తాం. కొన్ని గడ్డలకి గోధుమరంగు పడుతుంది. అది పాజిటివ్. ఆ రకం కరెంటుకి లొంగుతుంది, చాలావరకు. రంగు పట్టనిది మొండిది. నీది పట్టలేదు.

…

రెండెందుకు? కాదంటావా? నేనూ అలాగే అనుకున్నా. నా చేతి తప్పేమోనని మళ్లీ చేశా. పక్కన పెట్టిన ఇంకెవరిదో ముక్క చక్కగా గోధుమరంగు తేలింది. నీది నీలంగానే ఉండిపోయింది. మిగతా అన్ని రిపోర్టుల్లో నెగెటివ్ మంచి మాటే బావా. నీ దగ్గరికొచ్చేసరికి తిరగబడింది.

…

తెలుసు. నెగెటివ్ అంటే ఇదని నాకు ముందే తెలుసు. అదే చెప్తున్నా.

మంగళవారం అక్క ఫోన్ చేస్తే నెగెటివ్ అన్నా. ఆ ఒక్క మాటే. అక్క ఏడ్చేసింది, సంతోషంతో. వెనకాల నువ్వు గ్లాసు టకటకా కొడుతూనే ఉన్నావు. ఫోన్ పెట్టేశా. రేపు చెబుదాంలే అనుకున్నా. ఆ రేపు మూడు రోజులైంది. ఈలోగా నువ్వు నన్ను నమ్మి ఆ కాగితం రాసిచ్చేశావు. డాక్టరు ఎంత చెప్పినా వినలేదట. డాక్టరు కన్నా నేనెక్కువా నీకు?

…

ఒకటి కొట్టకు బావా. అన్నిటికీ ఒకటి కొట్టకు.

ఈపాటికి నువ్వు ‘ఒరేయ్ తోకా’ అని వీధి చివరిదాకా వినబడేలా అరవాలి. పెళ్లయ్యాక అక్క వెంట మీ ఇంటికొచ్చి నెల్లాళ్లు కదల్లేదని పెట్టిన పేరు. ఎంత ఒళ్లు మండేదో నాకు. ఆ పిలుపు విని అయిదు నెలలైంది.

…

ఆపరేషన్‌లో ఏం చేస్తారనా? చెప్తా. నాలుక వెనక సగం తీసేస్తారు. మాట ఇక ఉండదనుకో. ఏదో శబ్దం వస్తుంది, అక్కకి అర్థమవుతుంది, ఇంకెవరికీ కాదు. రేవులో చేపల వేలం నువ్వు ఇక కేకేసి నడపలేవు. అబద్ధం చెప్పను. ఒకసారి చెప్పింది చాలు.

…

ఏంటి? చిన్నగా రెండు, గట్టిగా ఒకటి… ఏదో అడుగుతున్నావు. తీసేస్తే బతుకుతానా అనా?

…

ఒకటి. తెలీదు బావా. సగానికి సగం అంటున్నాడు డాక్టరు. తియ్యకపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు. ఇంకో నెల పోతే కత్తికి అందదట.

ఇప్పుడు మూడున్నర. నాలుగింటికి నీ ఆపరేషన్ రోజు ఇంకొకరికి ఇచ్చేస్తారు. నర్సు నా మొహం చూసి అప్పటిదాకా ఆపింది. నిన్ను బలవంతపెట్టే హక్కు నాకు లేదు. అడగడానికి మొహం కూడా లేదు. అయినా అడుగుతున్నా. చేయించుకుంటావా? ఒకటా, రెండా?

…

వింటున్నా.

…

ఒకటి… రెండు. రెండా? వద్దంటావా బావా?

…

ఆగు. మూడు కొట్టావా? మూడుకి మనం ఏమీ అనుకోలేదే. మళ్లీ కొట్టు, నెమ్మదిగా.

…

ఒకటి… రెండు… మూడు. ఆ మధ్యలో ఆగడం… అది వేలంలో చేపల తట్ట అంచు మీద నువ్వు కర్రతో కొట్టేదే కదా. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. పాట కొట్టేసి ఖాయం చేశావా? చేయించుకుంటానంటున్నావా?

…

ఒకటి. సరే. సరే బావా. ఇప్పుడే నర్సు దగ్గరికి పరుగెడతా. అక్కకి నువ్వేం రాయకు, సాయంత్రం నేనొచ్చి చెప్తా. తిట్లు నేను తింటా. పెట్టేస్తున్నా మరి.

…

ఏంటి? వద్దు, మాట్లాడకు. నొప్పెడుతుంది. బావా, చెప్తున్నానా, గొంతు…

…

ఆ.

వినబడింది. తోకనే బావా. నేనే.

ఇంకొక్కసారి అను.

…

హలో… పెట్టేశావా బావా?