హెన్రీ లేపిన మూడొందల ప్రోగ్రాములు

రెండువేల ఏడులో మండవల్లి చుట్టుపక్కల కంప్యూటర్ లోపలి సంగతులు తెలిసింది తనకొక్కడికేనని హెన్రీ నమ్మకం. పని ఏలూరులో ఓ చిన్న కంపెనీలో. మండవల్లి చేపల సొసైటీలో మచ్చుకి నాలుగు ప్రోగ్రాములు పెట్టాడు; వాళ్ల ఏడాది పని వస్తేనే ఆ ఉద్యోగం నిలుస్తుంది. అది తేల్చాల్సిన ప్రెసిడెంటు భీమయ్య టీ కొట్టు బల్ల మీద ఎదురుగానే కూర్చున్నాడు. అందుకే హెన్రీ నోరు జోరందుకుంది.

"పెద్ద విద్యేం కాదండీ. మీ ఐసుకి, మేతకి, లారీలకి, కాటాకి వేరువేరు ప్రోగ్రాములున్నా, అన్నీ ఉండేది ఒకే ఫోల్డర్లో. చేపలు తూచే ట్రే బరువు మాత్రం అన్నిటికీ కలిపి ఒకటే ఫైలు. అది మారితే ఏవేవి మళ్లీ తయారవ్వాలో, ప్రోగ్రాముల్ని తయారుచేసే బిల్డ్ టూలుకి మనమే రాసివ్వాలి. కాలవ ఒకటే అయినా, ఏ చెరువుకి తూము పెట్టాలో చెప్పాలి కదండీ. పోయినేడు మా కంపెనీలో ముప్పై ప్రోగ్రాములకి ఒక్క పూటలో రాసిపడేశాను."

"ముప్పయ్యేనా?" అన్నాడు చెరువుల రైతు నాగదుర్గారావు, నవ్వు దాచుకుంటూ.

హెన్రీకి అది మెచ్చుకోలులా వినిపించింది.

"ముప్పై పొద్దున్నండీ. మధ్యాహ్నానికి మూడొందలు. ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ? ఫైల్లో ఒక్క అంకె మార్చానో లేదో, మూడొందలూ ఒక్కసారే లేచాయి, ఆ దెబ్బకి సగం ఏలూరుకి కరెంటు పోయింది, కంప్యూటర్ ఫ్యాన్ల గాలికి కొల్లేట్లో పడవలు తెడ్డు లేకుండా ఒడ్డెక్కేశాయి..."

కరెంటు పోతే ఫ్యాన్లెలా తిరిగాయని నాగదుర్గారావు నెమ్మదిగా అడిగాడు.

"అదేనండీ నా పనితనం. చివరికి ఆ టూలు నాకెంత అలవాటు పడిందంటే, ఫైలు మార్చక్కర్లేదు, మారుద్దామని అనుకుంటే చాలు, అన్నీ తయారు."

భీమయ్య తల ఊపాడు. పని దొరికినట్టేనని హెన్రీ మనసు తేలికపడింది.

అంతలో సొసైటీ గేటు దగ్గర తూకం చీటీలిచ్చే రమ్య వచ్చి, మాట పూర్తయ్యేదాకా మర్యాదగా ఆగింది.

"హెన్రీ గారూ, కొత్త ట్రే రెండున్నర కిలోలని పొద్దున్న మీరే ఫైల్లో మార్చారు కదండీ. లారీ చీటీలో సరిగ్గానే వస్తోంది. కాటా మాత్రం ఇంకా పాత ట్రే లెక్కన రెండు కిలోలే తీసేస్తోందండీ. పొద్దుట్నుంచీ ట్రేకి అరకిలో ప్లాస్టిక్కుని చేపల కింద తూస్తున్నాం."

ఎవరూ నవ్వలేదు. భీమయ్య గ్లాసు కింద పెట్టాడు.

"అయితే ఒక్కసారి అనుకోండి బాబూ. మేం చూస్తాం."

హెన్రీకి ఉద్యోగం పోయినట్టే అనిపించింది. ఇంకో కోత కోద్దామని నోరు తెరిచి, మానుకున్నాడు.

"మూడు ప్రోగ్రాములకే రాశానండీ. కాటా మర్చిపోయాను."

భీమయ్య గ్లాసు మళ్లీ అందుకున్నాడు.

"వెళ్లి నాలుగోది రాయండి. మూడన్న ఈ నోటికి పని ఇస్తాను బాబూ. మూడొందలన్న నోరు మాత్రం ఏలూరులో వదిలేసి రండి."