దేముడమ్మ ఇంటి ముందు ఆగిన కారు

శృంగవరపుకోటలో ఉమాశంకర్ మెకానిక్ షెడ్డు. జగన్నాధం తన పాత కారు పక్కన నిలబడ్డాడు. ఆయన భార్య కుమారి ముందు సీట్లోంచి దిగలేదు.

"మళ్ళీ అడుగుతన్నాను జగన్నాధం మావా. నడుస్తా నడుస్తా ఆగిపోతన్నాదా, ఆపినాక స్టార్టవ్వడం లేదా?"

"రెండూ ఒకటే కదరా ఉమాశంకర్. బండి కదల్లేదు. అది సాలదా?"

"సాలదు. నొప్పెక్కడో సెప్పకపోతే మందెలా ఇస్తారు?"

"నీ సేతిలో మిషనున్నాది కదా. దాన్నడుగు."

"అడిగినాను. సెల్ఫు కొడితే ఇంజను తిరుగుతన్నాది గానీ, తిరుగుతన్నట్టు కార్లో ఉన్న కంప్యూటరుకి కబురందట్లేదు. ఆ కబురు సెప్పేది క్రాంకు సెన్సారు. అది నోరు మూసుకుంటే పెట్రోలూ రాదు, స్పార్కూ రాదు."

"మరి పొద్దున్న మా ఇంటికాడ ఒక్కపాలికే అందుకున్నాది?"

"సల్లగుంటే బానే ఉంటాది. వేడెక్కితేనే దానికి తిక్క. ఇందాక వేడిమీద ఆపితే స్టార్టవ్వలేదు. తడిగుడ్డ ఏస్తే అందుకున్నాది. నువ్వూ సూసినావు. అందుకే అడుగుతన్నాను. మొదటిపాలి ఎక్కడాగింది?"

"ఎక్కడో... ఈ ఊళ్ళోనే."

"ఊళ్ళో ఎక్కడ? కుమారత్తా, నువ్వైనా సెప్పు."

"వాళ్ళక్క దేముడమ్మ ఇంటి ముందర బాబూ. సరిగ్గా గుమ్మానికి ఎదురుగా."

"ఆవిడకీ నీకూ మాటల్లేవు కదత్తా?"

"రెండేళ్ళ బట్టి లేవు. ఆవిడ కూతురి పెళ్ళిలో అందర్నీ ఫొటోకి పిలిసింది, నన్ను తప్ప. ఇంక ఆ గడప తొక్కనని అనీసినాను. ఆవేళ కారాగిపోనాదని ఆవిడే మజ్జిగట్టుకొచ్చింది. ఎండలో నిలబడి వద్దంటానా? లోనికెళ్ళి కూర్సున్నాను. ఫొటో సంగతి ఆవిడెత్తలేదు, నానూ ఎత్తలేదు."

"మావేటి సేసినాడు?"

"బానెట్టెత్తి గంటసేపు అందులోకి సూస్తా నిలబడ్డాడు. ఏటి కనబడిందో మరి."

"మావా, ఈ కారు నడుస్తుంటే ఆగదు. పొద్దున్నుంచీ తిప్పి సూసినాను. ఆపితేనే మళ్ళీ అందుకోదు. అంటే ఆవేళ ఎవరో ఆపుండాలి."

"ఇంటన్నాను."

"ఎవరాపినారు?"

"నానే."

"ఏటీ? నువ్వా?"

"నానే కుమారీ. అక్కని సూడాలనిపించింది. బండి పాడైపోనాదని సెప్పి, ఐదు నిమిషాలాగి, మంచినీళ్ళడిగి ఎల్పోదామనుకున్నాను. అబద్ధమాడదామని ఆపితే అది నిజంగానే సచ్చూరుకున్నాది."

"అక్కని సూస్తానని నాతో ఒక్క ముక్కంటే సాలదా?"

"అంటే ఒప్పుకునేదానివా?"

"సరేలే మావా. కొత్త సెన్సారు ఏసీస్తాను. సాయంత్రానికి ఎల్పోవచ్చు. కారుకింక ఏ రోగమూ లేదు."

"ఆగరా. రెండోపాలి నానాపలేదు. ఒట్టు."

"రెండోపాలి కూడానా? ఎక్కడ?"

"అక్కడే, అక్క ఇంటి ముందరే. గేదెలు రోడ్డుకడ్డం పడుకుంటే తోలడానికి దిగినాను. ఇంజను ఆడతానే ఉన్నాది. తిరిగొచ్చేసరికి సప్పుడు లేదు. దానంతటదే ఆగిపోనాదని మీ అత్త సెప్పింది. మళ్ళీ లోనికెళ్ళి కూర్సున్నాం. ఆవేళ అన్నం కూడా పెట్టింది అక్క."

"అలాగైతే ఇంకేదో ఉన్నట్టే. పెట్రోలు పంపు విప్పాల. వైరింగంతా ఊడదీసి సూడాల. కారిక్కడొదిలీసి మీరు బస్సుకెళ్ళిపోండి. వారం పట్టినా పట్టొచ్చు."

"వారమా? సంతకెలాగెళ్తానురా?"

"ఏటి సేస్తాను మావా, నడుస్తా ఆగిపోయే బండి మంచిది కాదు. అత్తా, ఆవేళ నువ్వు కార్లోనే ఉన్నావు కదా. ఆగేముందు ఇంజను దడదడలాడిందా?"

"లేదు."

"కాలిన వాసనేమైనా వచ్చిందా?"

"లేదు."

"మీటరు మీద ఎర్రలైటేదైనా ఎలిగిందా?"

"బాబూ, నువ్వా పంపు జోలికెళ్ళకు."

"ఎందుకత్తా? పంపే అయ్యుంటాదని నా అనుమానం."

"కాదు. ఆవేళ ఒదిన గుమ్మంలో నిలబడి మా వైపే సూస్తన్నాది. తాళం తిప్పి ఆపీసింది నానే."