గంట ఆగితే

అర్జెంటీనా మైదానంలోని ఆ గుర్రాలశాలలో, పాలు మాన్పించడానికి గుర్రప్పిల్లల్ని తల్లుల నుంచి విడదీసిన సాయంత్రం. మతే తేనీరు చేత్తో పట్టుకుని వచ్చిన అక్క, విరిగిన కంచె చూసి ఆగిపోయింది. లోపల తమ్ముడు తిరుగుతున్నాడు, వెనకే పిల్లలు.

“ఒరేయ్, గంట ఏ గుర్రానికి కట్టావు?”

“ఎర్రదానికక్కా. రోజూ గంట కట్టే ముసలి గుర్రం చచ్చిపోయిందిగా. గంట మోగితే చాలు, పిల్లలు దాని వెంటే కుదురుగా ఉంటాయనుకున్నా.”

“ఎర్రది పాలిచ్చే తల్లి కదరా! దాని పిల్లేది?”

“పక్క దొడ్లో కట్టేశా. అది సకిలించింది. అది విని ఎర్రది కంచె విరగ్గొట్టుకుని పోయింది, గంట వెంటే పిల్లలన్నీ పోయాయి. మళ్ళీ తోలుకొచ్చా.”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మరి ఇప్పుడింత బుద్ధిగా ఉన్నాయే?”

తమ్ముడు కోటు గుండీ విప్పాడు. మెడలో గంట.

“ఆ మతే ఇటివ్వు, నడుస్తూ తాగుతా. నేనాగితే ఏడుస్తున్నాయి.”