సెల్లులో కాన్పు

పెనుగంచిప్రోలులో మిరపకాయలు ఆరబోసిన డాబా మీద కూర్చుని, నిండుచూలాలైన మనవరాలు ఫోన్‌లో సినిమా చూస్తోంది. పక్కనే అమ్మమ్మ చేరింది.

"ఎక్కడిదే ఇది?"

"స్పెయిన్‌లో ఏదో పల్లెటూరుదంట అమ్మమ్మా. గలీసియన్ భాష. కింద ఇంగ్లీషు చదువుకుంటున్నా."

"చదివేదేముందే? ఆ పిల్లకి నొప్పులొస్తన్నాయి. ఎనకనించి పట్టుకున్నావిడ మంత్రసాని."

"నాకు భయమేస్తోంది. కట్టేస్తా."

"ఉండవే! తల కనపడతంది."

ఫోన్‌లో బిడ్డ కేర్‌మంది. అమ్మమ్మ రెప్ప వెయ్యలేదు.

"ఎప్పుడూ చూడనట్టు చూస్తున్నావేంటి? నలుగుర్ని కన్నావుగా!"

"కన్నా గానీ చూళ్ళేదే. నొప్పికి కళ్ళు గట్టిగా మూసుకునేదాన్ని. పత్తిచేలో మీ అమ్మ పుట్టినప్పుడూ అంతే. కళ్ళు తెరిచేసరికి పక్కన బిడ్డ ఉండేది."

అమ్మమ్మ గొంతు తగ్గిపోయింది.

"ఇంత పని చేసింది నేనేనంటావా?"

మనవరాలు ఆమెను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"నువ్వే అమ్మమ్మా."

మనవరాలికి భయం పోలేదు గానీ, ఫోన్ కట్టెయ్యాలనీ అనిపించలేదు.

"మళ్ళీ పెట్టనా?"

"పెట్టవే. ఈసారి ఆ తల్లి మొహం చూస్తా."